ఉత్తరాంధ్రలో నక్కల వేట

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు నక్క కొత్త జంతువు కాదు. పొద్దు వాలాక చెరువు గట్టు మీదో తాటితోపులోనో ఒక నక్క ఊళ పెడితే, నాలుగు దిక్కుల నుంచీ మిగతావి అందుకుంటాయి. పంట కాపలా కోసం కొందరు, ‘నక్క కొమ్ము’ అమ్ముకోవడానికి ఇంకొందరు, వినోదానికి మరికొందరు తెలుగునాట దీన్ని వేటాడారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తర్వాత వచ్చిన సవరణలు ఆ వేటను పూర్తిగా నిషేధించాయి. ఉత్తర అమెరికాలో నక్కకు దగ్గరి బంధువైన కొయోటీని మాత్రం చాలా రాష్ట్రాల్లో ఏడాది పొడవునా వేటాడనిస్తారు. అందువల్ల వేట నేర్చుకోవాలనే కుతూహలం ఉన్న తెలుగువారికి రెండు చోట్లా వేర్వేరు దారులున్నాయి. గాలివాటం చూడడం, అడుగుజాడ పట్టడం, కూతను గుర్తుపట్టడం లాంటి విద్య రెండు చోట్లా ఒకటే. ఉత్తరాంధ్రలో ఆ విద్యకు చంపడంతో పని లేదు.

జంతువు, దాని చోటు

ఇక్కడి నక్క శాస్త్రీయ నామం కానిస్ ఆరియస్. కుక్క, తోడేలు, కొయోటీ కూడా ఈ కానిస్ ప్రజాతికి చెందినవే. పెద్ద నక్క బరువు సుమారు 7 నుంచి 11 కిలోలు ఉంటుంది. కొయోటీ ఇంతకంటే కాస్త పెద్దది. పొలాల్లో కనిపించే గుంటనక్క వేరే జంతువు. అది పొట్టిది, సన్ననిది, బరువు మూడు కిలోల చిల్లర, పొడవాటి కుచ్చుతోక. ఊళ్ళో రెండింటినీ నక్క అనే పిలుస్తారు కాబట్టి చూసినవాళ్ళు చెప్పే ఆనవాళ్ళు తరచు కలగలిసిపోతాయి.

నక్కకు దట్టమైన అడవి అవసరం లేదు. పగలు పడుకోవడానికి పొద, పిల్లల్ని పెట్టుకోవడానికి బొరియ, రాత్రి తిరగడానికి పొలం ఉంటే చాలు. ఉత్తరాంధ్రలో ఈ మూడూ పక్కపక్కనే దొరుకుతాయి. ఉద్దానంలోని జీడితోటలు, కొబ్బరితోటలు, తీరం వెంట సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, వంశధార, నాగావళి, చంపావతి గట్ల మీది తుప్పలు, గరువు భూముల మధ్య డొంకలు, గెడ్డల ఒడ్డున మొగలిపొదలు అన్నీ దానికి ఇళ్ళే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిని, జీడిని కూకటివేళ్ళతో పెకలించినప్పుడు రైతుతో పాటు ఈ జంతువులూ గూడు పోగొట్టుకున్నాయి. ఆ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసిన సంగతే అది.

నక్కలు జంటగా బతుకుతాయి. మగ, ఆడ కలిసి ఒక హద్దు గీసుకుని, మలమూత్రాలతోనూ ఊళలతోనూ దాన్ని చాటుకుంటాయి. చలికాలం చివర్లో జత కడతాయి. తొమ్మిది వారాల చూలు తర్వాత ఎండాకాలంలో బొరియలో పిల్లలు పుడతాయి. తల్లీతండ్రీ ఇద్దరూ మేత తెస్తారు. నిరుటి పిల్లల్లో ఒకటో రెండో ఉండిపోయి కొత్త పిల్లల కాపలాలో సాయపడడం కూడా మామూలే.

పాత వేట తీరులు

జమీందారీ కాలంలో షికారు అంటే పులి, చిరుత, ఎలుగు, అడవిపంది. విజయనగరం రాజకుటుంబానికి చెందిన సర్ విజయ ఆనంద గజపతిరాజు (1905–1965), 1936 ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ జట్టు నాయకుడు, ‘విజ్జీ’గా లోకానికి తెలిసినవాడు, మూడు వందలకు పైగా పులుల్ని కొట్టాడని చెబుతారు. అలాంటి దర్బారీ వేటలో నక్కకు చోటు లేదు. దాని తల గోడకు తగిలించుకునేవాళ్ళు లేరు.

నక్కను ప్రత్యేకంగా వెతికి వేటాడినవారు ఇంగ్లీషువారు. తమ దేశంలో గుర్రాల మీద, వేటకుక్కల మందతో ఫాక్స్ అనే నక్కజాతి జంతువును తరమడానికి అలవాటుపడిన అధికారులు, ఇక్కడ ఆ జంతువు దొరకక మన నక్కను పట్టుకున్నారు. నీలగిరుల్లో ఊటీ హంట్, మద్రాసులో మద్రాస్ హంట్, వాయవ్య సరిహద్దున పెషావర్ వేల్ హంట్ ఇలా పుట్టినవే. ఓడల మీద తెచ్చిన వేటకుక్కలు ఇక్కడి ఎండకు, జబ్బులకు తట్టుకోలేక చచ్చేవి. మళ్ళీ కొత్తవి తెప్పించేవారు.

మన్యంలో వేట పద్ధతి వేరు. పాడేరు, అరకు వైపు ఆదివాసులు చైత్రమాసంలో జరుపుకునే ఇటుకల పండగలో మగవాళ్ళు గుంపుగా అడవికి వెళ్ళడం ఆచారం. విత్తనాలకు పూజ, దారికి అడ్డుగా కర్ర పెట్టి ఆడవాళ్ళు వసూళ్ళు చేయడం, ఉత్తచేతులతో వచ్చిన వేటగాళ్ళను ఎగతాళి చేయడం అందులో భాగాలు. విల్లు, బాణం, బల్లెం, కుక్క ఆ వేట పనిముట్లు. తిండికి పనికొచ్చే పంది, కుందేలు లాంటివే అసలు గురి. మైదానంలోనూ అంతే. పందికో కుందేలుకో వేసిన ఉచ్చులో నక్క పడేది. ఆ ‘పడడం’ నేటికీ ఆగలేదు. పంట చుట్టూ దొంగతనంగా లాగిన కరెంటు తీగ, మేతలో దాచిన నాటుబాంబు, విషం కలిపిన కళేబరం ఏ జంతువు కోసం పెట్టారన్నది చూసుకోవు. రాత్రి పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతులు సైతం ఆ తీగలకు ప్రాణాలు కోల్పోయారు.

నక్కలవారి పిలుపు

దక్షిణాదిలో నక్కను పిలిచి పట్టడంలో ఆరితేరినవారు ఒక సంచార జాతి. తమిళనాట వీరిని నరికురవలు, కురువిక్కారన్లు అంటారు. ఆంధ్రలో నక్కలవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునే భాష వాగ్రిబోలి, అది గుజరాతీ, రాజస్థానీ భాషల కుదురుకు చెందింది. పూసలు, సూదులు అమ్ముతూ ఊరూరా తిరిగి, పిట్టల్ని, చిన్న జంతువుల్ని పట్టి బతికినవారు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ‘నక్కల, కుర్వికరన్’ అనే పేరు 2003లో చేరింది. వీరి స్థావరాలు ఎక్కువగా దక్షిణ కోస్తాలో, రాయలసీమలో ఉన్నాయి.

వీరి పద్ధతికి తుపాకీ అక్కర్లేదు. సాయంత్రం మసక చీకట్లో గాలికి ఎదురుగా పొదచాటున కూర్చుని, నోటికి చేతులు అడ్డుపెట్టి నక్కలా ఊళ పెట్టేవారు. హద్దులోకి పరాయి నక్క వచ్చిందని నమ్మిన జంట, దాన్ని తరమడానికి దగ్గరికి వచ్చేది. ఒక్కోసారి దెబ్బతిన్న కుందేలు చేసే కీచుశబ్దాన్ని అనుకరిస్తే ఆకలితో వచ్చేది. వచ్చాక వల, కుక్క మిగతా పని చూసుకునేవి. తన ఇంటిని కాపాడుకోవాలనే పట్టుదలే నక్కను చావుకు రప్పించేదన్నమాట. అమెరికా వేటగాడు ప్లాస్టిక్ ఈలతోనో ఎలక్ట్రానిక్ పెట్టెతోనో కొయోటీని రప్పించే సూత్రం అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే అక్కడి ఈల దుకాణంలో దొరుకుతుంది, ఇక్కడి ఊళ తండ్రి గొంతు నుంచి కొడుకు నేర్చుకునేది. నక్కల జీవితం గురించి ఇంత లోతుగా తెలిసిన మనుషుల్ని దొంగలుగానో బిచ్చగాళ్ళుగానో మాత్రమే చూసి, ఆ జ్ఞానాన్ని ఎవరూ శ్రద్ధగా రాసిపెట్టకపోవడం మనకు జరిగిన నష్టం.

ఈ వేటకు డబ్బు తెచ్చిపెట్టింది నక్క కొమ్ము. గుంపు నాయకుడైన నక్క నెత్తిన వెంట్రుకల మధ్య చిన్న కొమ్ము ఉంటుందని, అది ఇంట్లో ఉంటే అదృష్టం, వశీకరణం, కోర్టు వ్యాజ్యంలో గెలుపు అని నమ్మకం. సింహళంలోనూ ఇదే నమ్మకం ఉన్నట్టు 1861లో వెలువడిన తన గ్రంథంలో ఎమర్సన్ టెన్నెంట్ నమోదు చేశాడు. నిజానికి నక్కకు కొమ్ము మొలవదు. సంతల్లో, ఇప్పుడు ఫోన్ వీడియోల్లో, అమ్మేది నక్క పుర్రె ముక్కకో వేరే ఎముకకో వెంట్రుకలున్న తోలు కుట్టి చేసిన నకిలీ. కొన్నవాడు మోసపోతాడు. అందులో నిజంగా నక్క ఎముక, తోలు ఉంటే నేరస్థుడు కూడా అవుతాడు.

అదృష్టానికి నక్కకు ముడిపెట్టడం తెలుగువారికీ ఉంది. కలిసొచ్చినవాణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటాం. తమిళనాడు సేలం జిల్లాలో కొన్ని ఊళ్ళవారు సంక్రాంతికి నక్కను వలేసి పట్టి, ఊరేగించి, దాని ముఖం చూసి వదిలేసే ‘వంగ నరి’ వేడుక చేస్తూ వచ్చారు. చంపకపోయినా పట్టడం నేరమే కాబట్టి అటవీశాఖ వారికి జరిమానాలు వేసింది. మరోవైపు పంచతంత్రం, దాన్ని అనుసరించి 1853లో పరవస్తు చిన్నయసూరి రాసిన నీతిచంద్రిక, కరటక దమనకులనే నక్కల్ని తరతరాల బడిపిల్లలకు పరిచయం చేశాయి. మంత్రాంగం, కుట్ర, జిత్తులు అన్నీ నక్క పేరున జమ అయ్యాయి. అడవిలోని నక్క మాత్రం పిరికిది, ఇంటిపట్టు గలది, ఎక్కువగా ఎలకలు తిని బతికేది.

చట్టం ఏమంటుంది

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు అర్థం విశాలం. కాల్చడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, కుక్కలతో తరమడం, ఎర వేయడం, గాయపరచడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, అన్నీ వేటే. 1991 సవరణ లైసెన్సుతో వేటాడే పాత పద్ధతిని ఎత్తేసింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నక్క, పులీ ఏనుగూ ఉన్న మొదటి షెడ్యూలులోకి చేరింది. ఆ షెడ్యూలులోని జంతువును వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. పొలం సొంతదైనా, తుపాకీకి లైసెన్సు ఉన్నా మినహాయింపు లేదు. వాడిన ఆయుధం, వల, బండి స్వాధీనం చేసుకుంటారు, నేరం రుజువైతే అవి ప్రభుత్వ ఆస్తి అవుతాయి.

మినహాయింపులు కొద్ది. మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారిన, లేదా కోలుకోలేని జబ్బు పడిన జంతువు విషయంలో రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. చంపక తప్పదని తేలాకే ఆ ఉత్తర్వు. మీదపడిన జంతువు నుంచి తనను గాని మరొకరిని గాని కాపాడుకోవడానికి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. అయినా ఆ జంతువు కళేబరం ప్రభుత్వానిదే.

ఇంత చిన్న జంతువుకు ఇంత పెద్ద రక్షణ దేనికని రైతులు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. దానికి జవాబు పొలంలోనే ఉంది.

రైతు లెక్క

నక్క నష్టం చేయదని చెప్పడం అబద్ధం అవుతుంది. పాలుపట్టిన మొక్కజొన్న కంకుల్ని విరుస్తుంది. చెరకును కొరికి రసం పీలుస్తుంది. పుచ్చకాయను పగలగొడుతుంది. పొలంలో మంద కట్టిన గొర్రెల కాపరికి అప్పుడే ఈనిన పిల్ల మీద బెంగ నక్కవల్లే. కోళ్ళగూడు తలుపు వదులుగా ఉంటే తెల్లారేసరికి ఈకలే మిగులుతాయి. తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టే రోజుల్లో నక్కలు, ఊరకుక్కలు గూళ్ళు తవ్వుతాయి. ఒక్కో గూటిలో నూరుకు పైగా గుడ్లు ఉంటాయి కాబట్టి ఒక రాత్రి నష్టం చిన్నది కాదు. అందుకే గుడ్లను సేకరించి కంచె వేసిన పొదుగు కేంద్రాల్లో పాతిపెడతారు.

అటువైపు లెక్క ఇంకా పెద్దది. భారతదేశంలో నక్క మేతలో ఎలకలదే ప్రధాన వాటా. వరి గట్లను తొలిచి, కుప్పల్ని, గాదెల్ని తినే ఎలక ఉత్తరాంధ్ర రైతుకు నక్క కంటే ఎన్నో రెట్లు ఖరీదైన శత్రువు. చచ్చిన గొడ్డును ఊరి బయట పారేస్తే రాబందు లేని ఈ రోజుల్లో దాన్ని శుభ్రం చేసేవాటిలో నక్క ఒకటి. సెర్బియా శాస్త్రవేత్తలు 2016లో వేసిన అంచనా ప్రకారం ఆ ఒక్క దేశంలో నక్కలు ఏటా 3,700 టన్నులకు పైగా పశు వ్యర్థాలను, కోటీ ముప్పై లక్షలకు పైగా పంట ఎలకలను తొలగిస్తున్నాయి. రేగు, నేరేడు, ఈత పళ్ళు తిని గింజల్ని దూరంగా వదలడం మరో ఉపకారం.

చంపితే తగ్గుతాయా అన్నదానికి అమెరికా అనుభవం చూడవచ్చు. అక్కడ నూరేళ్ళకు పైగా కొయోటీని తుపాకీతో, బోనుతో, విషంతో చంపుతూ వచ్చారు. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన జంతువు ఈ లోపల హవాయి తప్ప అన్ని రాష్ట్రాలకూ పాకింది. హద్దు కాసే జంట చచ్చిన చోటికి కొత్తవి వచ్చి చేరతాయి. విషం పొరుగు జంతువుల్నీ చంపుతుందని గుర్తించి, సమాఖ్య భూముల్లో మాంసాహార జంతువులకు విషం పెట్టడాన్ని అధ్యక్షుడు నిక్సన్ 1972 ఫిబ్రవరిలో ఆపించాడు. మన చట్టం వచ్చింది ఆ ఏడే.

కాబట్టి పనిచేసేది కాపలాయే. ఈనే గొర్రెల్ని రాత్రి ముళ్ళకంప దడిలో ఉంచడం, మందకు రెండు కుక్కల్ని పెట్టి వాటికి రేబిస్ టీకాలు వేయించడం, కోళ్ళగూటికి అడుగునా వల బిగించడం, కళేబరాల్ని, కోళ్ళఫారం చెత్తను ఊరికి దగ్గరగా వదలకుండా లోతుగా పాతడం. ఊరి చెత్త మీద బతికే నక్క మనుషులంటే భయం పోగొట్టుకుంటుంది. తగాదాలు అక్కడే మొదలవుతాయి.

అమెరికాలో కొయోటీ వేటకు దిగే తెలుగువారు

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లానో లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు ఎక్కువ. పెరటి కంచె పక్కన కొయోటీ కనిపించడం అక్కడ మామూలే. ఆఫీసు మిత్రులతో వేటకు వెళ్ళాలనుకునేవారు ముందు తేల్చుకోవలసింది వీసా సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. మిత్రుడి తుపాకీ కాసేపు చేతిలోకి తీసుకోవడం కూడా ఈ నియమం కిందికి రావచ్చు కాబట్టి లాయరును అడగడం మంచిది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారు వేట శిక్షణ కోర్సు చేయాలి. ఊరి పరిధిలో కాల్చడం దాదాపు ఎక్కడా కుదరదు. ఇతరుల భూమిలో అడుగుపెట్టాలంటే యజమాని అనుమతి కావాలి.

వేటలో మొదటి పాఠం గాలి. కొయోటీ పిలుపు విని నేరుగా రాదు, గాలికి దిగువకు చుట్టి వచ్చి వాసన చూస్తుంది. కూర్చున్న చోట కదలకుండా పావుగంట, ఇరవై నిమిషాలు ఉండాలి. రెండో పాఠం ఇంకా ముఖ్యం. గురి ఏమిటో, దాని వెనక ఏముందో ఖాయం చేసుకోనిదే ట్రిగ్గర్ మీద వేలు వేయకూడదు. ఉత్తర కరొలైనాలో అంతరించిపోతున్న ఎర్ర తోడేళ్ళు కొయోటీలనుకుని కాల్చినవారి చేతిలో చచ్చాయి. అవి తిరిగే ఐదు కౌంటీల్లో కొయోటీ వేటకు ప్రత్యేక ఆంక్షలు వచ్చింది అందుకే.

ఉత్తరాంధ్రలో మొదలుపెట్టేవారికి

తుపాకీ లేకుండా నక్క వెంట తిరగడానికి అనుమతి, ఖర్చు పెద్దగా అక్కర్లేదు. అభయారణ్యాల్లోకి, రిజర్వు అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖను అడగాలి. ఊరి పొలిమేర, డొంక, ఇసుకతీరం చాలు.

అడుగుజాడతో మొదలుపెట్టాలి. తడి గెడ్డ ఇసుకలో, చెరువు ఒండ్రులో తెల్లవారుజామున చూస్తే రాత్రి జాడలు చెదరకుండా ఉంటాయి. నక్క ముందరి పాదంలో నడిమి రెండు వేళ్ళ మెత్తలు మొదట్లో కలిసిపోయి ఉంటాయి. కుక్క జాడలో అవి విడివిడిగా పడతాయి. నక్క జాడ సన్నగా, కోలగా, గోళ్ళ గుర్తులతో దాదాపు తిన్నని గీతలో సాగుతుంది. ఊరకుక్క అటూ ఇటూ తిరుగుతుంది. దారి మధ్యలో, రాయి మీద, గట్టు మలుపులో వదిలిన మలంలో ఎలక వెంట్రుకలు, రేగు గింజలు, జీడిమామిడి పండు పీచు కనిపిస్తాయి. చేతితో ముట్టకూడదు, పుల్లతో విప్పి చూడాలి. ఏ నెలలో ఏం తింటున్నాయో ఏడాది పాటు రాసుకుంటే, ఆ ఊరి నక్క రైతుకు మేలు చేస్తోందా కీడు చేస్తోందా అనేది వాదన అక్కర్లేకుండా తెలుస్తుంది.

కూతకు సాయంకాలం, చలికాలం మంచివి. ఎన్ని దిక్కుల నుంచి జవాబు వచ్చిందో, ఎంతసేపటికి వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకుంటే ఊరి చుట్టూ ఎన్ని కుటుంబాలున్నాయో తోస్తుంది. గ్రీసు, క్రొయేషియా, హంగరీ లాంటి దేశాల్లో నక్కల్ని లెక్కించడానికి శాస్త్రవేత్తలు రికార్డు చేసిన ఊళను వినిపించి జవాబులు లెక్కపెడతారు. నక్కలవారి పిలుపునే వారు కొలతగా మార్చుకున్నారు. ఇక్కడ మాత్రం ఊళ వినిపించి నక్కను రప్పించకూడదు. అది ఎర వేయడంగా లెక్కకు రావచ్చు. పిల్లలున్న బొరియ దగ్గరికీ వెళ్ళకూడదు. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తుంది, ఆ మార్పులో పిల్లలు చావవచ్చు.

ఉద్దానం వైపు తిరిగేవారు ఎలుగుబంటిని మరవకూడదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల జీడితోటల్లో మనుషుల మీద ఎలుగుల దాడులు జరిగాయి. మసక వెలుతురులో ఒంటరిగా తోటలోకి దిగడం మంచిది కాదు.

పట్టపగలు ఊళ్ళోకి వచ్చి, చొంగ కారుస్తూ, ఎదురైనదాన్నల్లా కరిచే నక్కకు రేబిస్ ఉందనే అనుకోవాలి. కర్రలతో చుట్టుముడితే ఇంకొందరు కరిపించుకుంటారు. పిల్లల్ని, పశువుల్ని లోపలికి తోలి అటవీశాఖకు కబురు చేయాలి. కరిస్తే, గీరుకుపోయినా సరే, గాయాన్ని ధార నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, ఆకుపసరు పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. అడవి జంతువు కాటు కాబట్టి గాయంలోనూ చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి. టీకా కోర్సు మధ్యలో మానకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు దాదాపు లేనట్టే. అదే నక్క పశువును కరిచి ఉంటే దానికీ టీకాలు వేయించి, పశువైద్యుడు చెప్పేదాకా మిగతా మందకు దూరంగా కట్టేయాలి.